పంపినవారి పేరు, చిరునామా



ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఏదని మా బడిలో పిల్లలను అడిగితే, లోపల రాసిన సంగతి అని చెబుతారు. వాళ్ళ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. కాని ఇన్‌లాండ్ కవరు వెనుక చిన్న చోటు ఒకటి ఉంటుంది. పంపినవారి పేరు, చిరునామా రాయవలసిన చోటు అది. రాసే తొందరలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ చోటు విలువ ఏమిటో నాకు రెండుసార్లు తెలిసివచ్చింది. ఒకసారి మనియార్డరు ఫారం దగ్గర, ఇంకోసారి కంప్యూటరు ముందు. ఈ రెండింటినీ కలిపి ఈ రోజు మీతో కొన్ని మాటలు చెప్పుకుంటాను.

నేను పుట్టి పెరిగింది, ఇప్పుడు పాఠాలు చెబుతున్నది మహారాష్ట్రలో ఠాణే జిల్లా భివండి పట్టణంలో. ఈ ఊరు మీకు కొత్త కాదు. మీ నేతవాడల్లో ఏ అరుగు మీద కూర్చున్నా భివండి పోయివచ్చిన మనిషి ఒకరైనా కనిపిస్తారు. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుండి వచ్చిన మోమిన్ నేతగాళ్ళు ఇక్కడ మగ్గాలు వేశారని చెబుతారు. ఇరవయ్యో శతాబ్దంలో చేతిమగ్గం స్థానంలోకి మరమగ్గం, అంటే మన సాంచా, వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి మన పద్మశాలీలు వచ్చి చేరారు. వాళ్ళ పేరు మీదనే పద్మానగర్ అనే పేట వెలిసింది. అంతకు చాలా ముందే బొంబాయికి కట్టడపు పనులకు పోయిన తెలుగువాళ్ళను కామాఠీలు అన్నారు. కామాఠీపురా అన్న పేరులో వాళ్ళ గుర్తు నేటికీ ఉంది.

ఇలా వచ్చినవాళ్ళందరికీ మొదటి చిక్కు పేరుతోనే. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. మహారాష్ట్ర పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కార్ఖానాలో హాజరు పుస్తకం రాసే మేతాజీకి లక్ష్మయ్య అన్న పేరు నోరు తిరగకపోతే లక్ష్మణ్ అయిపోయేది. జీతం ఆ పేరు మీదనే, ఆ తర్వాత రేషన్ కార్డూ ఆ పేరు మీదనే. ఊరికి పోతే మళ్ళీ లక్ష్మయ్య. ఒక మనిషికి రెండు పేర్లు, రెంటికీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం.

రెండో చిక్కు చిరునామా. పగలు పనిచేసేది కార్ఖానాలో, రాత్రి పడుకునేది చాలాసార్లు అక్కడే. రెండు పూటలా తినేది బిస్సీలో. ఇక ఉత్తరం ఎక్కడికి రావాలి? సేఠు కార్ఖానాకో, బిస్సీ నడిపే మనిషి ఇంటికో, మూలమీది కిరాణా దుకాణానికో. మా పేటలో సగం చిరునామాలు ఫలానావారి ద్వారా అని మొదలయ్యేవి.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, 1991 ప్రాంతంలో, మా వాడలో మనియార్డరు ఫారాలు రాసిపెట్టే పని నామీద పడింది. మన దేశంలో తపాలా శాఖ మనియార్డర్లు మొదలుపెట్టింది 1880లో. ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమీషను. అడుగున చిన్న కూపను ముక్క, అందులో నాలుగు మాటలు రాసుకోవచ్చు. నెల మొదటి వారంలో మా ఇంటి ముందు అరుగు మీద నలుగురైదుగురు కూర్చునేవాళ్ళు.

ఒకనాడు పక్క కార్ఖానా మామ వచ్చాడు. ఊళ్ళో కొడుక్కి జ్వరమని కార్డు వచ్చింది. "బిడ్డా, రెండు వందలు పంపాలె, జల్ది రాయి" అన్నాడు. డబ్బు అందుకునేవారి పేరు అడిగాను. భార్య పేరు చెప్పడానికి ఆ రోజుల్లో మగవాళ్ళకు మొహమాటం. "మా పోరని తల్లి" అన్నాడు. పేరు చెప్పమని గట్టిగా అడిగితే ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పాడు. అదే రాశాను. పంపినవారి పేరు దగ్గర ఊళ్ళో ఎవరూ ఎరగని హాజరు పుస్తకం పేరు రాశాను. ఊరికి ఆ నెలలోనే కొత్త పోస్టుమాను వచ్చాడట. ఆ ముద్దుపేరుతో ఓటరు జాబితాలో ఎవరూ లేరు. పంపిన మనిషి పేరేమో ఊరికి తెలియదు. ఇరవై అయిదు రోజులకు రెండు వందలూ భివండికి తిరిగివచ్చాయి. ఈలోగా ఆమె కాళ్ళ కడియాలు కుదువబెట్టి పిల్లవాడికి మందులు కొన్నది. మామ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇగనుంచి పేరు సక్కగ అడుగు బిడ్డా" అన్నాడు, అంతే. తప్పు నాది. అడగవలసిన మాట అడగకుండా గడి నింపాను.

చిరునామాల చరిత్ర కూడా చిత్రమైనదే. మన దేశంలో పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ కేంద్ర తపాలా ఉద్యోగి, సంస్కృత కవి కూడా. ఒకే పేరు గల ఊళ్ళు అనేకం, రాసే భాషలు అనేకం. అర్థం కాని అక్షరాల మధ్య ఆరు అంకెలు ఉంటే సంచి దారి తప్పదని ఆయన ఆలోచన. మొదటి అంకె 4 అయితే మహారాష్ట్ర ఉన్న మండలం, 5 అయితే మన తెలుగు నేల ఉన్న మండలం. భివండి 421302. మా వాడ అరుగు మీద నేను నింపిన ఫారాలన్నీ నాలుగుతో మొదలయ్యే చోటు నుండి అయిదుతో మొదలయ్యే చోటికి పోయినవే.

ఆ అంకె మారలేదు కాని, దాని చుట్టూ ఉన్న మాటలు ఎన్నిసార్లు మారాయో చూడండి. మా తాత పుట్టినప్పుడు సిరిసిల్ల నిజాం రాజ్యంలోది. 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ అయింది. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా పోయి రాజన్న సిరిసిల్ల జిల్లా వచ్చింది. ఇటు భివండి బొంబాయి రాష్ట్రంలో ఉండి, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. ఇల్లు కదలలేదు, మనిషి కదలలేదు. చిరునామా మాత్రం కదులుతూనే ఉంది.

సరిగ్గా మన పిన్‌కోడు వస్తున్న రోజుల్లోనే అమెరికాలో ఇంకో రకం చిరునామా పుట్టింది. 1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి ఇంకో కంప్యూటరుకు ఉత్తరం పంపుతూ, మనిషి పేరుకు, యంత్రం పేరుకు మధ్య ఎట్ అనే గుర్తు పెట్టాడు. ఫలానా మనిషి, ఫలానా చోట. అంతే దాని అర్థం. మన పాత పద్ధతి చిరునామాలో మొదటి రెండు పంక్తులు కూడా అవే కదా.

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు యూజ్‌నెట్‌కు ఊహ చేశారు. పక్కనే ఉన్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెలోవిన్ దానికి మొదటి ప్రోగ్రాము రాశాడు. ఊరి రచ్చబండ మీద ఒకరు మాట వేస్తే నలుగురు సమాధానం చెప్పినట్టు, ఒకరు రాసిన ఉత్తరం అన్ని కంప్యూటర్లకూ చేరుతుంది, ఎవరైనా బదులు రాయవచ్చు. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క రచ్చబండ. దాన్ని న్యూస్‌గ్రూపు అన్నారు. ఆ ఉత్తరాలు చదవడానికీ రాయడానికీ వాడే ప్రోగ్రామును న్యూస్ రీడర్ అన్నారు.

అప్పట్లో ఈ కంప్యూటర్లు చాలావరకు ఒకదానికొకటి టెలిఫోను చేసి, తపాలా సంచి మార్చుకున్నట్టు ఉత్తరాలు మార్చుకునేవి. అందుకే చిరునామా అంటే దారి చెప్పడమే. ముందు ఈ యంత్రానికి, అక్కడి నుండి ఆ యంత్రానికి, అక్కడ ఫలానా మనిషికి అని, మధ్యలో ఆశ్చర్యార్థకాలు పెట్టి రాసేవాళ్ళు. "బస్టాండు దిగి, మర్రిచెట్టు దాటి, బిస్సీ పక్క సందులో అడుగు" అని మా వాళ్ళు చెప్పినట్టే. దారిలో ఒక్క యంత్రం మూతపడితే ఉత్తరం ఆగినట్టే.

1983లో మార్క్ హోర్టన్ ఈ ఉత్తరాలకు ఒక నమూనా రాశాడు. 1987లో రిక్ ఆడమ్స్‌తో కలిసి దాన్ని తిరగరాశాడు. దాని ప్రకారం ప్రతి ఉత్తరం పైన ఆరు పంక్తులు తప్పనిసరి. పంపినవారు ఎవరు, తేదీ ఏది, ఏ గ్రూపుకు, విషయం ఏమిటి, ఉత్తరానికి గుర్తింపు సంఖ్య ఏది, ఏ దారిన వచ్చింది. పంపినవారి పంక్తిలో చిరునామా ఉండి తీరాలి, పక్కన పూర్తి పేరు కూడా రాసుకోవచ్చు. సమాధానం వేరే చోటికి కావాలంటే దానికి ఇంకో పంక్తి ఉంది. అది రాయకపోతే బదులు పంపినవారి చిరునామాకే పోతుంది. మనియార్డరు ఫారం గళ్ళు నాకు ఇక్కడ మళ్ళీ ఎదురయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మొదటి రోజుల్లో ఆ పేరును రాసేవాడు సాధారణంగా నింపేవాడు కాదు. విశ్వవిద్యాలయంలో పెద్ద కంప్యూటరు ఉంటుంది. దాని అధికారి ఖాతా తెరిచినప్పుడు పేరు ఎలా రాస్తే, ఉత్తరం మీద అలాగే వచ్చేది. మా మేతాజీ హాజరు పుస్తకం వంటిదే ఆ ఖాతా పట్టిక. 1984లో లారీ వాల్ రాసిన ఆర్ఎన్ అనే న్యూస్ రీడరులో, మనిషి తన పేరు తాను పెట్టుకునే వీలు కూడా ఉండేది. తర్వాత ఇళ్ళలోకి సొంత కంప్యూటర్లు వచ్చాక అదే మామూలు పద్ధతి అయింది. మీ పేరు ఒక గడిలో, మీ చిరునామా ఒక గడిలో, మీరే టైపు చేయాలి. నిజమా కాదా అని అడిగేవారు లేరు.

అడిగేవారు లేకపోతే ఏమవుతుందో కూడా అప్పటికే తెలిసింది. 1984 ఏప్రిల్ 1న సోవియట్ నాయకుడు చెర్నెంకో పేరుతో, క్రెమ్లిన్ నుండి వచ్చినట్టు ఒక ఉత్తరం యూజ్‌నెట్‌లో కనిపించింది. కొందరు నమ్మారు కూడా. అది నెదర్లాండ్స్‌లో పీట్ బేర్టెమా అనే ఆయన చేసిన ఏప్రిల్ ఫూల్ వేళాకోళం. ఆ పంక్తిలో ఎవరి పేరైనా రాయవచ్చునని లోకానికి చెప్పినట్టయింది. పదేళ్ళ తర్వాత, 1994 ఏప్రిల్‌లో, అమెరికాలో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది గ్రూపుల్లో ఒకేసారి గుమ్మరించారు. ఆ తరువాత ఉత్తరాల మీది చిరునామాలను ఏరుకుని వాటికి చెత్త ప్రకటనలు పంపడం వ్యాపారమైంది. దాంతో చాలామంది చిరునామా మధ్యలో ఒక అనవసరపు మాట ఇరికించి రాయడం మొదలుపెట్టారు. మనిషి చదివితే తీసేస్తాడు, యంత్రం చదివితే మోసపోతుంది.

ఈ రచ్చబండల్లో తెలుగువాళ్ళకూ ఒకటి ఉండేది. దాని పేరు సోక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకునే మన విద్యార్థులు, ఉద్యోగులు అక్కడ కలుసుకునేవాళ్ళు. కంప్యూటరుకు అప్పట్లో తెలుగు అక్షరాలు రావు. అందుకని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో పొల్లుపోకుండా రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. చిన్న అక్షరం రాస్తే న, పెద్ద అక్షరం రాస్తే ణ. వేల మైళ్ళ దూరాన కూర్చుని మన భాషలో ణకారం పోకూడదని పట్టుబట్టిన వాళ్ళు వీళ్ళు. లక్ష్మయ్యను లక్ష్మణ్ చేసిన ఊళ్ళో పెరిగిన నాకు ఆ పట్టుదల బాగా అర్థమవుతుంది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. మా వైపు దుకాణాల్లోకి అది వచ్చేసరికి ఇంకో మూడు నాలుగేళ్ళు పట్టింది. 1999లో నేను కాలేజీ విద్యార్థిని. గంటకు ఇంత అని డబ్బు కట్టి ఒక దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆ తెలుగు గ్రూపు కనిపించింది. కామాఠీలంటే ఎవరు, బొంబాయి తెలుగు కూలీలు ఇళ్ళకు రాసిన పాత ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని ఒక ప్రశ్న రాసి పంపాను. నెలరోజులు చూశాను. సమాధానం లేదు. మన ప్రశ్న ఎవరికి కావాలిలే అనుకుని వదిలేశాను.

మూడో నెలలో దుకాణం కుర్రాడు ఒక కాగితం చేతికిచ్చాడు. "ఇది నీదేనేమో చూడు, ఇంకో గిరాకీ ఇచ్చిపోయిండు" అన్నాడు. అది నా ప్రశ్నకు సమాధానమే. అమెరికాలో పరిశోధన చేస్తున్న తెలుగు విద్యార్థి ఒకాయన రెండు పేజీలు రాశాడు. వాళ్ళ తాత బొంబాయిలో పనిచేశాడనీ, ఇంట్లో ఆయన రాసిన కార్డులు కొన్ని ఉన్నాయనీ, కావాలంటే నకళ్ళు పంపుతాననీ అందులో ఉంది. కాని పైన సంబోధనలో ఉన్న పేరు నాది కాదు. నాకు ముందు ఆ కంప్యూటరు వాడిన మనిషి తన పేరు, చిరునామా న్యూస్ రీడరులో పెట్టుకుని పోయాడు. నేను ఆ గళ్ళు తెరిచి చూడలేదు. నా ప్రశ్న ఆయన పేరుతో పోయింది, జవాబు ఆయన పెట్టెలో పడింది.

వెంటనే నా పేరు, నా చిరునామా పెట్టుకుని ఆ విద్యార్థికి ఉత్తరం రాశాను. మర్నాడు అది తిరిగివచ్చింది. అలాంటి ఖాతా లేదని యంత్రం చెప్పింది. చదువు ముగించుకుని ఆ విశ్వవిద్యాలయం వదిలిపోయి ఉంటాడు. గ్రూపులో అడిగి చూశాను, ఆచూకీ దొరకలేదు. ఆ తాత కార్డులు నేను ఇంతవరకు చూడలేదు. మామ రెండు వందల రూపాయలు తిరిగివచ్చిన రోజు ఆ దుకాణంలో నాకు గుర్తుకువచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే తప్పు. ఈసారి నష్టం నాది.

ఆ రోజుల తర్వాత చాలా మారింది. 1996లో వచ్చిన కొత్త నియమాలతో పంపినవారి పేరును ఏ లిపిలోనైనా రాసే వీలు స్థిరపడింది. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే చేరింది కనుక మన పేరు మన అక్షరాల్లో వేసుకోవచ్చు. చిరునామాను కూడా సొంత లిపిలో రాసుకునే నియమాలు 2012లో వచ్చాయి, వాడేవాళ్ళు మాత్రం తక్కువ. పేరు మనది, చిరునామా ఇంకొకరి లిపిలోది అన్న మా భివండి పద్ధతి అక్కడ కూడా చాలాకాలం నడిచిందన్నమాట. పాత పద్ధతి మనియార్డరును 2015లో తపాలా శాఖ ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌కు కొత్త ఉత్తరాలు పంపే వీలును ఆపేసింది. పాత ఉత్తరాలు కొన్ని భద్రంగా ఉన్నాయి. ఎవరు ఏ పేరుతో రాస్తే ఆ పేరుతోనే ఉన్నాయి. నా మొదటి ప్రశ్న ఇంకొకరి పేరు మీదనే మిగిలింది.

అయినా ఆ రెండు గళ్ళు మాత్రం పోలేదు. 2020 మే నెల మొదట్లో లాక్‌డౌన్ వేళ భివండి నుండి గోరఖ్‌పూర్‌కు శ్రామిక్ రైలు బయలుదేరినప్పుడు ఎక్కవలసినవాళ్ళ పేర్లు ముందే రాసుకున్నారు. జాబితాలో పేరు ఉన్నవాడే రైలెక్కాడు. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉంటే వచ్చే డబ్బు ఆగిపోతుంది. కొత్త ఫోను చేతికి రాగానే ముందు అడిగేది పేరే. దుకాణం కుర్రాడు తనకు తోచినట్టు ఏదో నొక్కి ఇస్తాడు, మనం తల ఊపి తెచ్చుకుంటాం. తర్వాత ఉత్తరాలన్నీ ఎవరి పేరు మీద పోతున్నాయో మనకే తెలియదు.

అందుకే మా బడిలో ప్రతి జూన్ నెలలో కొత్త పిల్లలు చేరేటప్పుడు నేను తొందరపడను. అమ్మ ఇంట్లో ఏమని పిలుస్తుంది, కాగితం మీద ఏముంది, రెండూ అడుగుతాను. తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి పలక మీద రాయించి చూపిస్తాను. తల్లిదండ్రులు సరే అన్న తర్వాతనే రిజిస్టరులో ఎక్కిస్తాను. కిందటేడు ఒక తండ్రి చిరునామా అడిగితే తల వంచుకున్నాడు. "సాంచెల కాడనే పంటం సారూ, మాకు అడ్రసు ఏడిది?" అన్నాడు. తినే బిస్సీ పేరు, సందు పేరు, పిన్‌కోడు చెప్పించి రాసుకున్నాను. ఆయన ఆ కాగితాన్ని ఒకసారి చదివి వినిపించమన్నాడు. వినిపించాను. "గిది నా అడ్రసేనా?" అని మళ్ళీ అడిగాడు.

అవునని చెప్పాను. సమాధానం వచ్చి చేరగలిగిన చోటు ఏదైనా మనిషికి చిరునామాయే. మీ వాళ్ళు భివండిలో ఉన్నా, దుబాయిలో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఈసారి వాళ్ళకు రాసేటప్పుడు ముందు ఆ రెండు గళ్ళూ తెరిచి చూసుకోండి. ఉన్నది మీ పేరేనా, బదులు వచ్చేది మీ చోటికేనా చూసుకుని, ఆ తర్వాత క్షేమ సమాచారాలు రాయండి.